సూరమ్మప్ప ఇచ్చిన నిండు చెంబు

“నాకెవులు ఎదురొస్తారే ఇప్పుడు?” అని అడిగింది సూరమ్మప్ప.

“నేనొస్తాను అప్పా. నివ్వు గుమ్మం దిగు,” అన్నాను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ముందు ఇవి రాయి అమ్మడూ, తక్కినదంతా వీటి వెనకాల వస్తుంది. నాకు వచ్చింది నా పేరు రాయడం ఒక్కటే. అదీ స్టేషన్‌లో డ్యూటీ పుస్తకంలో వేలిముద్ర వెయ్యడానికి సిగ్గుపడి నేర్చుకున్నది. కాబట్టి నేను చెబుతాను, నువ్వు రాయి. నా మాట మోటుగా ఉందని దిద్దకు.

ఇవాళ పొద్దున్న పక్కింటి దీదీ గ్యాసు అయిపోయిందని రాక్షసి బొగ్గుల పొయ్యి వెలిగించింది. ఆ పొగ మన వరండాలోకి వచ్చింది. నువ్వు దగ్గి తలుపు వేశావు, నేను లేచి మళ్ళీ తీశాను. “ఏంటి నానమ్మా!” అని విసుక్కున్నావు. ఆ వాసన నాకు పొగ కాదే. సింహాచలం బావ చొక్కా వాసన అది. ఆయన ఇంజను దిగి వచ్చాక ఆ చొక్కాను సూరమ్మప్ప రాతి మీద బాదుతుంటే నురగ కూడా నల్లగానే వచ్చేది. “మీ బావని ఉతకలేక సస్తన్నాను గానీ బట్టల్దేముంది!” అనేది. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆవిడని చూసినవాళ్ళు ఈ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో నేను తప్ప ఇంకెవరూ లేరేమో. అందుకే రాయించుకుంటున్నాను.

మీ తాతకి అక్కని నేను. మా ఆయన వర్క్‌షాపులో ఖలాసీ. కడుపులో పుండు లేచి రైల్వే ఆస్పత్రిలోనే పోయాడు. అప్పటికి నాకు పిల్లల్లేరు, బుద్ధీ పూర్తిగా రాలేదు. గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. ఆ తరువాత పెద్దాఫీసరు దయతలచి ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో ఆయా పని ఇచ్చాడు. ఆ పనితోపాటే ఒక క్వార్టరు నా పేరు మీదకు వచ్చింది. తోడుగా మీ తాత వచ్చి నా దగ్గర ఉన్నాడు.

అప్పుడు తెలిసింది అమ్మడూ, ఈ బెంగాలీ ఊళ్ళో ముండమోసినదానికి ఎన్ని ఆచారాలో. మన వైపు తెలుగువాళ్ళు నన్ను చేపలు తినొద్దని అనలేదు. తినొచ్చు, రంగు చీర కట్టొచ్చు, కానీ పొద్దున్నే ఎవరికీ ఎదురు రాకూడదు. ఎదురింటి బెంగాలీ ముసలమ్మను మాసీమా అని పిలిచేవాళ్ళం, ఆవిడా విధవే. ఆవిడకి నేను ఎదురొస్తే పట్టింపు లేదు గానీ మా వంటింట్లో చేప వేగిన వాసన వస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చేది. “మాఛ్ ఖేయో నా, మా” అని నా గడ్డం పట్టుకునేది. చేప తినకు తల్లీ, అని. నా మంచికే చెప్పేది పాపం. వీళ్ళు ముఖం దాచుకోమంటారు, వాళ్ళు కంచం దాచుకోమంటారు. నేను చేప తిన్నరోజు మాసీమాకు కనబడేదాన్ని కాదు, ఏ రోజైనా పొద్దున్నే మనవాళ్ళకు కనబడేదాన్ని కాదు. అలా చూస్తే ఇక నేను కనబడవలసిన రోజే లేదు.

పొద్దుటి సైరన్ మోగేసరికి మా క్వార్టర్ల లైనులో మగవాళ్ళందరూ సైకిళ్ళెక్కి వర్క్‌షాపుకు బయలుదేరేవారు. నా డ్యూటీ కూడా అదే వేళకు. కానీ ఆఖరి సైకిల్ గంట వినబడేదాకా నేను తలుపు వెనకాల నిలబడి ఉండాలి. లేదంటే క్వార్టర్ల వెనక పాకీవాళ్ళు నడిచే సందులోంచి పోవాలి. ఆ సందులో కాలవలు, పందులు. వానాకాలంలో ఎర్ర బురద మోకాళ్ళ దాకా వచ్చేది. నేను ఆ కాళ్ళు కడుక్కుని స్టేషన్‌కు చేరేసరికి ఆలస్యమే. ఆయాల మీద పెద్దావిడ ఒకరోజు గట్టిగానే చెప్పింది, ఇంకోసారి ఇలా వస్తే పేరు కొట్టించేస్తానని. పేరు కొట్టేస్తే క్వార్టరు పోతుంది. క్వార్టరు పోతే అత్తవారి ఊరు పోయి వాళ్ళ పెరట్లో పేడ తీసుకుంటూ బతకాలి. ముందు గుమ్మంలోంచి నడవగలనా లేదా అన్నదాని మీద నా బతుకంతా ఆగి ఉంది. నవ్వకు, నిజంగా అంతే.

గోడకు అవతల క్వార్టరు సింహాచలం బావది. నిజం చుట్టరికం కాదు, మాది ఒకే తాలూకా, అందుకని సూరమ్మ నాకు అప్ప, ఆయన బావ. ఆయన ఇంజను డ్రైవరు. అప్ప మనిషి పొడుగు, ముక్కుకు రెండువైపులా పుడకలు, కంటికి ముందు కనబడేంత బొట్టు. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. మాట్లాడేటప్పుడు కూడా తీసేది కాదు. తిట్టినా, పాడినా, ఎవరి పురుడు పోసినా ఆ చుట్ట నోట్లోనే ఉండేది.

ఆవిడకి భయాలు ఎక్కువ. బావ డ్యూటీకి వెళుతుంటే ఎవరూ తుమ్మకూడదు, పిల్లి తిరగకూడదు, ఎక్కడికి అని అడగకూడదు, వెనక నుంచి పిలవకూడదు. ఆ ఆఖరిదానిలో బెంగాలీలూ మనవాళ్ళూ ఒకటే. ఒకసారి మీ తాత సరదాకి వెనక నుంచి “బావా!” అని కేకేస్తే ఇటు అప్పా, అటు మాసీమా ఒకేసారి తిట్టారు, చెరో భాషలో. మీ తాత అన్నం తినకుండా ముసుగు పెట్టుకున్నాడు.

అలాంటి ఇంటి ముందు ఒకరోజు నేను ఎదురుపడ్డాను. వానకు సందు మునిగిపోయింది. సైకిళ్ళన్నీ వెళ్ళిపోయాయి కదా అనుకుని ముందు గుమ్మంలోంచి దిగాను. బావ తన ఇనప పెట్టె పట్టుకుని సరిగ్గా అప్పుడే మెట్టు దిగుతున్నాడు. మొహం మొహం చూసుకున్నాం.

“ఏటే నీకు కళ్ళు నేవా!” అని అప్ప అరిచింది. “లోనికి పో! మావా, నివ్వు ఎనక్కి రా, కూకో, నీళ్ళు తాగెల్లు!”

బావ వెనక్కి వెళ్ళలేదు. అక్కడే నిలబడి నా వైపు అదోలా చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఎవరినో చాలా రోజులకు చూసినట్టు చూశాడు. తరువాత పెట్టె భుజానికి మార్చుకుని చరచరా నడిచిపోయాడు. అప్ప నా తలుపు మీద ఒక్క గుద్దు గుద్ది, లోపలికి పోయి దేవుడికి దీపం పెట్టుకుంది.

తిరిగి వచ్చాక ఆయన అప్పతో అన్న మాటలు గోడ ఇవతల నుంచి నాకు వినబడ్డాయి.

“సిగ్నల్లన్నీ పడే ఉన్నాయే. ఎక్కడా ఆగనేదు. మాయమ్మ ఎదురొచ్చినట్టే ఉన్నాది.”

“మీయమ్మ ఎదురొచ్చిందేటి! నీకు మతి పోయిందేటి?”

“మాయమ్మా బొట్టు నేనిదే కాదేటే? కిలీనరుగా సేరినప్పట్నించి ఆయమ్మ ముకం సూసే బండెక్కినాను. ఆయమ్మ పోయినకాడ్నించి నా కాలు బండి మీద పడట్నేదు.”

“మరి నేనెదురొస్తన్నాను కదా రోజూ! నిండు ముత్తైదువ్ని! నా ముకం పనికి రాదేటి నీకు?”

“నివ్వొస్తే ఇల్లు గుర్తొస్తాదే సూరీ. ఇంటికి తిరిగొచ్చీబుద్దేస్తాది.”

గిన్నె ఏదో కిందపడిన చప్పుడైంది. విసిరిందో జారిందో నాకు తెలియదు. నేను గోడకు ఆనుకుని కూర్చుని నోటికి కొంగు అడ్డుపెట్టుకున్నాను. ఏడుపో నవ్వో అదీ తెలియలేదు.

మర్నాడు బావే మా గుమ్మం ముందుకు వచ్చాడు. “మరదలా, రేపట్నించి నాను బయల్దేరినప్పుడు కాస్త ఎదురు రావాల,” అన్నాడు, ఉప్పు అప్పు అడిగినంత మామూలుగా.

నేను గుమ్మం లోపలికి తగ్గాను. “వద్దు బావా. రేపు నీకేటైనా అయితే నన్నీ ఊర్లో ఉండనిస్తారేటి? అప్ప నన్ను నమిలీదా?”

“నములుతాను,” అని వెనక నుంచి అప్ప గొంతు వినబడింది. వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. చాలాసేపు పొగ పీల్చింది. మనసులో ఏదో తూకం వేస్తున్నట్టు ఉంది. ఆ తరువాత లోపలికి పోయి ఇత్తడి చెంబు తెచ్చింది. చింతపండుతో తోమి తళతళలాడుతున్న చెంబు, అంచు దాకా నీళ్ళు.

“ఇదిగో, ఇను. నిండు చెంబు ఎదురొస్తే మంచిది. నివ్వు ఎదురొస్తే సెడ్డది. చెంబు పట్టుకుని నివ్వొస్తే దానికీ దీనికీ చెల్లు. ఒక్క చుక్క ఒలికినా నీ వీపు సీరీస్తాను.”

నా జన్మలో అంత గొప్ప తీర్పు నేను వినలేదు అమ్మడూ. నాకు ఎదురు రావడానికి దారి దొరికింది. ఆవిడ భయం ఆవిడ దగ్గరే ఉంది, దాని పక్కనే నాకు నిలబడడానికి కాస్త జాగా ఇచ్చింది.

అలా మొదలైంది. డ్యూటీకి పిలిచే కాల్ మాన్ వచ్చి బావ చేత పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళగానే అప్ప గోడ మీద కొట్టేది. నేను చెంబు పట్టుకుని వీధి చివర నుంచి నడిచి వచ్చేదాన్ని. బావ ఎదురుగా వచ్చి చెంబులో వేళ్ళు ముంచి కళ్ళకు అద్దుకుని, “ఎల్లొస్తాను మరదలా,” అని పోయేవాడు. అప్ప అరుగు మీద నిలబడి చెంబులో నీళ్ళు ఒలికాయా లేదా అని చూసేది. ముందు గుమ్మం నాకు తెరుచుకుంది. స్టేషన్‌కు వేళకు చేరాను. లైనులో ఆడవాళ్ళు కుళాయి దగ్గర చెవులు కొరుక్కునేవారు గానీ, డ్రైవరు పెళ్ళామే ఒప్పుకున్నాక పైకి ఎవరు ఏమంటారు? నన్ను చూసి తలుపు వేసుకునేవాళ్ళు వేసుకునేవారు. నేను చెంబు కేసి చూసుకుంటూ నడిచేదాన్ని. ఒలకకుండా నడవాలంటే మెడ నిటారుగా పెట్టాలి. దానితో నాకు తెలియకుండానే తలెత్తి నడవడం అలవాటైంది.

ఆ దసరా వెళ్ళిన తరువాత జరిగింది అది. ఇంజనులో నీళ్ళ మట్టం చూపించే గాజు గొట్టం ఒకటి ఉంటుందట. బండి నడుస్తుండగా అది పేలి, వేడి ఆవిరి బావ చేతి మీద కొట్టింది. మోచేతి దాకా కాలిపోయింది. నలుగురు పట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. కబురు నాకంటే ముందే లైనుకు చేరింది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి కుళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. ఒకావిడ మాత్రం, “ఎంత నిండు చెంబైతే ఏటి, పట్టుకున్న చెయ్యి ఎవులిది?” అంది, నాకు వినబడేలాగే.

అప్ప ఏమీ అనలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ఆవిడ తిట్టి ఉంటే నేను కాళ్ళ మీద పడి ఉండేదాన్ని. ఆవిడ నా వైపు చూడకుండా ఆస్పత్రికి క్యారేజీ పట్టుకుని పోయేది, వచ్చేది. నేను చెంబు తోమి, బోర్లించి, ఆవిడ గడప పక్కన పెట్టి వచ్చేశాను. మళ్ళీ వెనక సందు పట్టాను. ఆ పందులు, ఆ బురద. ఉద్యోగం మానేసి అత్తవారి ఊరు పోతానని మీ తాతతో చెప్పేశాను. మూట కూడా కట్టుకున్నాను.

బావ చెయ్యి మానింది. డాక్టరు డ్యూటీకి రాసిచ్చాడు. కాల్ మాన్ వచ్చి వెళ్ళడం తలుపు సందులోంచి చూశాను. గోడ మీద చప్పుడు కోసం నా చెవి ఎదురుచూసింది, రాలేదు. బావ పెట్టె పక్కన పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు, లేవడు. నేను తలుపు మూసేశాను. కాసేపటికి నా తలుపు చప్పుడైంది. తీస్తే అప్ప. బొట్టు కొత్తగా దిద్దుకుంది. నోట్లో చుట్ట లేదు. ఆ ముఖాన్ని చుట్ట లేకుండా చూడడం నాకు అదే మొదలు. చేతిలో చెంబు, అంచు దాకా నీళ్ళు. కుళాయి దగ్గర ఆడవాళ్ళందరూ బిందెలు వదిలేసి చూస్తున్నారు. మాసీమా వాళ్ళ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“బయటకి రాయే. మీ బావ కదలట్నేదు,” అంది.

“వద్దప్పా. నా వల్లే కాలిందని అందరూ అంటన్నారు.”

“అంటన్నారు. నానూ అన్నాను. ఇన్నాళ్ళూ పొయ్యి కాడ కూకుని నీ పేరు పెట్టి తిట్టుకున్నాను, నీకెందుకు అబద్దం సెప్పాల? తిట్టి తిట్టి ఆలోసించినాను. గాజు పేలింది ఆయన ముకం కాడ. కళ్ళు పోవాల. పోనేదు. చెయ్యి కాలింది, అంతే. ఎవులు కాసినారు మరి? ఆ రోజు ఎదురొచ్చింది నివ్వే కదా?”

 ఆవిడ చెంబు నా ముందుకు చాపింది. చెంబులో నీళ్ళు అంచు దాటి నా కాళ్ళ మీద పడ్డాయి. ఒక్క చుక్క ఒలికినా వీపు చీరేస్తానన్న మనిషి.

“నీకు భయం నేదేటప్పా?” అని అడిగాను.

“నేకేటి? ఇంత భయం ఉన్నాది,” అని గొంతు దాకా చెయ్యి పెట్టి చూపించింది. “నీకన్నా నాకే ఎక్కువ. పోతే నీకు ఉద్యోగం పోద్ది, నాకు ఆ మనిషి పోతాడు. భయంతోటే వచ్చినాను. పట్టుకోవే చెంబు, చెయ్యి నొప్పెడతన్నాది.”

చెంబు అందుకున్నాను. అంతమంది చూస్తుండగా వీధి చివరికి నడిచి, అక్కడి నుంచి తిరిగి ఆయనకు ఎదురొచ్చాను. బావ లేచి పెట్టె భుజాన పెట్టుకున్నాడు. కట్టు విప్పిన చేతి మీద కొత్త చర్మం లేతగా, గులాబీ రంగులో ఉంది. ఆ చేతి వేళ్ళే నీళ్ళలో ముంచాడు. “ఎల్లొస్తాను మరదలా,” అన్నాడు. అప్ప అరుగు మీద నిలబడి రెండు చేతులతో స్తంభాన్ని పట్టుకుంది. ఆయన తిరిగి వచ్చిందాకా ఆవిడ అన్నం ముట్టలేదని తరువాత తెలిసింది. ఆయన మామూలుగా తిరిగి వచ్చాడు. వచ్చి, నీళ్ళు కాయలేదని అప్పను తిట్టాడు. ఆ తిట్లు గోడ ఇవతల విని నేను మూట విప్పుకున్నాను.

ఆ రోజుతో లైనంతా మారిపోయిందని రాయకు, మారలేదు. కుళాయి దగ్గర మాట విసిరినావిడ చచ్చేదాకా నన్ను చూసి ముఖం తిప్పుకుంది. కానీ ఒకరిద్దరు అడిగారు. ఒకావిడ తన కూతురు మెట్రిక్ పరీక్షకు పోతుంటే, “చెంబు తెస్తావేటే నరసమ్మా?” అని గుసగుసగా అడిగింది. మాసీమా మనవడు డాక్టరు చదువుకు పోయేటప్పుడు ఆవిడే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చేప ఘుమఘుమలాడుతున్న రోజే వచ్చింది. ముక్కు మూసుకుని మరీ పిలిచింది. “సూసినావేటే నీ గిరాకీ! ఇంక ఎండి బంగారం అడుగు,” అని అప్ప ఎగతాళి చేసింది.

బొగ్గు ఇంజన్లు తగ్గి డీజిల్ వచ్చాక బావ రిటైరయ్యాడు. ఆ తరువాత కొన్నాళ్ళకు భోంచేసి మంచం మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ఇంజను ఆయన్ని ఏమీ చెయ్యలేదు, నేనూ ఏమీ చెయ్యలేదు.

మన ఆచారం తెలుసు కదా, గాజులు తీసినదాన్ని ముందుగా ముత్తైదువలు చూడకూడదు. విధవలే వెళ్ళి చూడాలి. లైనులో ఆడవాళ్ళందరూ తలుపులు వేసుకున్నారు. నేను వెళ్ళాను. గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. అంత బొట్టు లేకపోయేసరికి ముఖం చిన్నదైపోయింది. నన్ను చూసి, “రాయే. నీకు నన్ను సూస్తే పోయీదేటీ నేదు కదా,” అంది. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు, ఆఖరికి ఆవిడ నా ఒళ్ళో తల పెట్టుకుంది.

క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా. ఊరి నుంచి ఆవిడ తమ్ముడు వచ్చాడు తీసుకుపోవడానికి. సామాను రిక్షాలో పెట్టారు. చెంబు మాత్రం ముందురోజే నా చేతికి ఇచ్చేసింది. “అక్కడ నాకెందుకే ఇది,” అంది. బయలుదేరే వేళకు గడప దగ్గర ఆగిపోయింది. కుడికాలు ఎత్తి మళ్ళీ వెనక్కి పెట్టింది. వీధిలో పిల్లల్ని తల్లులు లోపలికి లాక్కుంటున్నారు, ఆవిడ పురుడు పోసిన పిల్లల్నే. ఆవిడ అది చూసింది. అప్పుడు అడిగింది, ఇప్పుడు నాకెవరు ఎదురొస్తారే అని. నేను అప్పటికే చెంబు నింపుకుని ఉన్నాను. నేను చెప్పిన మాట నీకు మొదట్లోనే రాయించాను. వీధి చివరికి పోయి, తిరిగి ఆవిడకు ఎదురుగా నడిచాను. ఆవిడ గుమ్మం దిగింది. చెంబులో వేళ్ళు ముంచి, కళ్ళకు అద్దుకుని, వెనక్కి చూడకుండా రిక్షా ఎక్కింది. నేను పిలవలేదు. వెళుతున్న మనిషిని వెనక నుంచి పిలవకూడదు, అది ఆవిడ నేర్పిందే.

మళ్ళీ మేం కలుసుకోలేదు. ఊళ్ళోనే పోయిందని కబురు వచ్చింది.

శకునాలున్నాయా లేవా అని నువ్వు నన్ను అడుగుతుంటావు. నాకు తెలియదే. నాకు తెలిసింది ఒక్కటే. భయపడేవాళ్ళు కూడా తలుపు కొట్టగలరు. ధైర్యం వచ్చాక చేద్దామని ఆవిడ కూర్చుని ఉంటే నేను ఈ ఊళ్ళో ఉండేదాన్ని కాదు, మీ తాతకి ఇక్కడ పెళ్ళయ్యేది కాదు, నువ్వు ఇలా నా ముందు కూర్చుని చెయ్యి నొప్పి అనేదానివి కాదు. స్టేషన్‌లో పని చేసినన్నాళ్ళూ ఏ ఆడది ఏడుస్తూ బండి దిగినా దగ్గరకు పోవడానికి నాకు ముందు భయమే వేసేది. అయినా పోయేదాన్ని. ఇప్పటికీ పొద్దున్నే ఆ చెంబు నింపుకుని గేటు దగ్గర నిలబడతాను. కాలేజీ పిల్లలు సైకిళ్ళ మీద పోతుంటారు, ఈ ముసల్ది మొక్కలకు నీళ్ళు పోస్తుందనుకుంటారు. అనుకోనీ.

ఇంక చాలు. కలం పక్కన పెట్టి, ఇప్పుడు మొదటి నుంచి చదువు. నా మాటలు నీకు ఎలా వస్తే అలా చదువు, తొందరగా చదివినా పరవాలేదు. ఆవిడ మాటలు మాత్రం ఆవిడలాగే చదవాలి, బడిలో పాఠంలా కాదు. ఊఁ, చదవమ్మా. “నాకెవులు ఎదురొస్తారే…” అక్కడ నుంచి.